పొట్టి కిలోమీటరు

అర్పా నది శనిచరి రపటా అనే పల్లపు వంతెన మీదుగా మూడు రోజులు పారి, అవతలి గట్టు సర్కండా ఆటోలన్నీ పెద్ద వంతెన చుట్టూ తిరిగి వెళ్ళిన ఏడాది అది. నీళ్ళు తీసి, రపటా మీద బురద ఎండి, చలి మొదలయ్యాక డేల్ కెస్లర్ అనే అమెరికా మనిషి మా బిలాస్‌పూర్ వచ్చాడు. రెండు రోజులుండి మూడో రోజు పొద్దున్న బండెక్కాడు. ఉన్నన్నాళ్ళూ నాకు అన్నం సహించలేదు.

అతను మారథాన్ మనిషి. నలభై రెండు కిలోమీటర్ల పరుగు. ఒకప్పుడు నేనూ ఆ పరుగు పరిగెత్తాను. రైల్వేలో నాది కీమాన్ పని. భుజాన సుత్తి, చేతిలో స్పేనరు పెట్టుకుని, రోజూ తన వంతు లైను మొత్తం నడిచి వదులైన పట్టాల కీలు బిగించేవాడు కీమాన్. ముప్పై నాలుగేళ్ళు నడిచాను. నా పేరు నూకరాజు. ఆ పేరు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో గోడ బోర్డు మీద ఉండేది. మారథాన్, రెండు గంటల నలభై నిమిషాల ముప్పై రెండు సెకండ్లు. నలభై రెండేళ్ళుగా ఎవరూ దాన్ని దాటలేదు. దాటకపోవడానికి కారణం ఆ తర్వాత నాలుగేళ్ళకే ఆ పరుగు పెట్టడం మానెయ్యడం. అది ఎవరూ అనరు.

ఆ ఏటి వానలకి హాలు గోడ చెమ్మగిల్లి బోర్డు పొట్టు లేచిపోయింది. కొత్త బోర్డు చేయించారు. దాని ముసుగు తియ్యడానికి కెస్లర్‌ని పిలిచారు. పిలిచింది తేజస్వి. కమిటీ పెద్ద సత్యనారాయణమూర్తి గారి అమ్మాయి, బ్యాంకులో ఆఫీసరు. ఆ అమ్మాయి కూడా పరిగెడుతుంది. ఫోనులో కెస్లర్ చెప్పే పాఠాలు చూసి నేర్చుకుందట. అతను ఏదో పట్నంలో పరుగుకని మన దేశం వచ్చాడని తెలిసి ఉత్తరం రాసింది. వస్తానన్నాడు.

కుదుదండ్‌లో మా ఇంటికి స్కూటీ మీద వచ్చి చెప్పింది.

"తాతగారూ, కెస్లర్ సర్‌కి మీ గురించి చెప్పాను. మిమ్మల్ని కలవాలి, మిల్నా హై అన్నారు."

"ఎందుకు?"

"అరే, ఇద్దరిదీ సేమ్ ఏజ్. అరవై తొమ్మిది. ఇద్దరూ మారథాన్. ఆయనింకా పరిగెడతారు, పతా హై?"

మా ఆవిడ అసిరమ్మ టీ గ్లాసు తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చింది.

"ఈ మనిషి అక్కడ కూకుని మూగెద్దునాగ ఉంటాడమ్మా. నువ్వే నాలుగు ముక్కలు కలిపి సెప్పు ఆ దొరకి," అంది.

మొదటి రోజు సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ వరండాలో కుర్చీలు వేశారు. నలభై మంది దాకా వచ్చారు. నా పక్కన మా బావ పైడిరాజు కూర్చున్నాడు. అసిరమ్మకి అన్న. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఎక్కడ కూర్చున్నా అక్కడ మాటలు పుట్టించే మనిషి.

కెస్లర్ లోపలికి రాగానే ముందు అతని కాళ్ళు చూశాను. పిక్కలు చూశాను. నావి ఎండిపోయిన సరుగుడు కర్రల్లా ఉన్నాయి. అతనివి ఇంకా బతికున్నాయి. పళ్ళు కూడా అన్నీ ఉన్నాయి.

"దొర మనకంటే పెద్దోడులాగున్నాడు గానీ ఆ కాళ్ళు మటుకు పాతికేళ్ళ కుర్రోడివి తగిలించుకున్నాడు బావా," అన్నాడు పైడిరాజు.

కెస్లర్ నిలబడే మాట్లాడాడు. తేజస్వి పక్కన నిలబడి తెలుగూ హిందీ కలిపి చెప్పింది. అతను పుట్టింది గోధుమ చేల మధ్య చిన్న ఊళ్ళో. అతని తండ్రిది లైను పని. ఆ మాట విని నేను తలెత్తాను. పదేళ్ళప్పుడు తండ్రికి అన్నం డబ్బా పట్టుకుని పట్టాల పక్కన మూడు మైళ్ళు పోయేవాడట. చల్లారితే తండ్రి తిట్టేవాడని పరిగెత్తేవాడట. అక్కడ పుట్టింది పరుగు. బళ్ళో పందేలు గెలిచాడు. తర్వాత మాంసం ఫ్యాక్టరీలో నేల కడిగే పని. పనికి పరిగెత్తుకు పోయేవాడు, పనినించి పరిగెత్తుకు వచ్చేవాడు. ఇరవై ఏళ్ళకి మొదటి మారథాన్. అరవై ఒకటో వాడుగా వచ్చాడు. చివరి రెండు మైళ్ళూ నడిచాడు.

"గుడ్డ బూట్లు. అవి చిరిగితే టేపు చుట్టారంట," అంది తేజస్వి.

నేను ఉత్తకాళ్ళతో పరిగెత్తాను. అది చెప్పడానికి నన్నెవరూ అడగలేదు.

ఏడేళ్ళు కష్టపడ్డాడు. పెద్ద పందేలు రెండు గెలిచాడు. దేశం తరఫున పంపడానికి ముగ్గుర్ని ఎంచే పరుగులో నాలుగో వాడుగా వచ్చాడు. నాలుగు సెకండ్ల తేడా. ఆ మరుసటి ఏడు ఒక పెద్ద ఊళ్ళో రెండు గంటల తొమ్మిది నిమిషాల యాభై ఒక్క సెకండ్లకి పూర్తి చేశాడు. ఆ ఏడాది వాళ్ళ దేశంలో అంతకంటే వేగంగా పరిగెత్తినవాడు లేడు. పేపర్లలో ఫొటోలు. బూట్ల కంపెనీవాళ్ళు ఇంటికి వచ్చారు.

అక్కడ కెస్లర్ ఆగి నవ్వాడు.

"పందొమ్మిదో మైలు తొందరగా వచ్చేసిందంట," అంది తేజస్వి. "మతలబ్, ఆ మైలు నా కాళ్ళు అంత ఫాస్ట్‌గా పరిగెత్తలేదు, నా కాళ్ళ సంగతి నాకు తెలుసు అంటున్నారు. పదకొండు వారాలు చుప్ ఉన్నారు. నిద్ర పట్టలేదు. తర్వాత తనే చిట్ఠీ రాశారు, మళ్ళీ కొలవండి అని."

కొలిచారట. నూట నలభై ఎనిమిది మీటర్లు తక్కువ. ఆ రికార్డు లెక్కలోంచి తీసేశారు. బూట్ల కంపెనీవాళ్ళు మళ్ళీ రాలేదు. అతను మళ్ళీ ఎప్పుడూ అంత వేగంగా పరిగెత్తలేదు. మోకాలికి కత్తి పడింది. ఇరవై ఏళ్ళు బడి బస్సు నడిపాడు. యాభై దాటాక మళ్ళీ బూట్లు తొడిగాడు.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పైడిరాజు రెండు చేతులూ తలకాయ మీదికెత్తి కొట్టాడు.

పోగొట్టుకున్నవాడికి చప్పట్లు. రికార్డు బోర్డెక్కిన నాడు నాకు పడినవాటికంటే అవే ఎక్కువ. కూర్చున్న చోటే నాకు కడుపు మండింది. ఎందుకు మండిందో నాకు తెలుసు. అక్కడ ఇంకెవరికీ తెలియదు.

చప్పట్లు ఆగాక కెస్లర్ అడిగాడు, మీ మారథాన్ దూరం ఎలా కొలిచేవారు అని. మూర్తి గారు గర్వంగా చెప్పారు. "లైను పక్క బాట మీద పెట్టేవారండీ. కొలిచే పనేముంది, రైల్వే కిలోమీటరు రాళ్ళే ఉన్నాయిగా." కెస్లర్ అచ్ఛా అన్నట్టు తల ఊపాడు. రేపు పొద్దున్న ఆ బాట మీద కాస్త పరిగెడతాను, తండ్రి గుర్తొస్తాడు అన్నాడు. దారి చూపడానికి నన్ను పంపమన్నాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి.

నా కంటే ముందు ఆ బోర్డు మీద ఉన్న పేరు పైడిరాజుది. రెండు గంటల నలభై ఒక్క నిమిషం పది సెకండ్లు. అతను పరిగెత్తిన ఏడు పరుగు బిల్హా రోడ్డు మీద పెట్టారు. గొలుసు వేసి కొలిచారు. మా పెళ్ళప్పటికే అతను పేరున్నవాడు. పెళ్ళి పీటల మీద నేనుంటే జనం అతని చుట్టూ ఉన్నారు. అసిరమ్మ అన్నం వడ్డిస్తే మా అన్న, కూర వేస్తే మా అన్న. నేను పరుగు మొదలెట్టింది ఆ మాట వినలేకే.

నేను పరిగెత్తిన ఏడు బిల్హా రోడ్డు తవ్వి పడేశారు. పరుగు కమిటీవాళ్ళు లైను పక్క బాటకి మార్చారు. పరిగెత్తేవాళ్ళని గదిలోకి పిలిచి, కిలోమీటరు రాళ్ళున్నాయి, లెక్క సరిపోతుంది అన్నారు. కమిటీలో అందరూ షెడ్డు మనుషులు, గుమాస్తాలు. లైను మీద రోజూ నడిచేవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.

దాధాపారా స్టేషను దాటాక ఒక చోట కిలోమీటరు పొట్టిది. ఎప్పుడో లైను వంపు తీసి తిన్నగా వేశారు. దూరం తగ్గింది. రాళ్ళు కదపలేదు. కదిపితే అక్కణ్ణించి చివరిదాకా అన్నీ కదపాలి. ఇలాంటివి లైను మీద అక్కడక్కడ ఉంటాయి. రైలుకి దానితో పని లేదు. ఆ రోజుల్లో పట్టాల కింద కిలోమీటరుకి పదిహేను వందల నలభై స్లీపరు దిమ్మలు. అక్కడ పదమూడు వందల ఇరవై నాలుగే. నడుస్తూ లెక్క పెట్టుకోవడం నాకు అలవాటు. నూట నలభై మీటర్లు తక్కువ. పరుగులో పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాన్ని దాటాలి. రెండు వందల ఎనభై మీటర్లు. నా పరుగుకి నిమిషం పైన.

కమిటీ గదిలో నోరు తెరిస్తే సరిపోయేది. నేను తక్కువ మాటల మనిషినని అందరికీ తెలుసు. ఆ రోజు అది నాకు కలిసొచ్చింది.

పైడిరాజు టైము మీద ముప్పై ఎనిమిది సెకండ్లు తగ్గించాను. లెక్కలు నాకు పెద్దగా రావు గానీ ఈ ఒక్క లెక్క నలభై రెండేళ్ళుగా వేస్తూనే ఉన్నాను. నిమిషంలోంచి ముప్పై ఎనిమిది తీస్తే మిగిలింది అతనిది.

బోర్డు మీద అతని పేరు కిరసనాయిలు గుడ్డతో తుడిచిననాడు నిచ్చెన పట్టుకున్నది పైడిరాజే. "ఇంట్లోంచి ఇంట్లోకే పోయింది పేరు, బయటికి పోనేదు," అని నవ్వాడు. అసిరమ్మ ఆ రోజు అన్నకోసం ఏడ్చింది, నాకోసం నవ్వింది. రెండూ ఒక పూటలోనే.

రెండో రోజు పొద్దున్న తేజస్వి కారులో మమ్మల్ని దాధాపారా దగ్గర దింపింది. "నేను బిల్హా స్టేషన్ దగ్గర చాయ్ రెడీగా ఉంచుతాను, మీరు ఆరామ్‌గా రండి," అని వెళ్ళిపోయింది. గేటు దగ్గర తెలిసినవాణ్ణి అడిగి సైకిలు తీసుకున్నాను. కెస్లర్‌కి తెలుగు రాదు, హిందీ రాదు. నాకు వాళ్ళ మాట రాదు. నాకు హాయిగానే ఉంది.

అతను కిలోమీటరు రాయి పక్కన నిలబడి చేతి గడియారం నొక్కాడు. పరుగు మొదలెట్టాడు. నేను వెనకాల సైకిలు మీద. వరి కోసిన మళ్ళలో మంచు ఇంకా ఉంది. బొగ్గు బండి ఒకటి పక్కనుంచి పోయింది. అతని అడుగు చప్పుడు వినబడనే లేదు. పరిగెత్తేవాళ్ళలో బరువు లేని అడుగు కొందరికే ఉంటుంది. పైడిరాజుకి ఉండేది. నాకు లేదు. నేను సుత్తి దెబ్బలాగ పరిగెత్తేవాణ్ణి.

మొదటి రాయి దగ్గర గడియారం టింగుమంది. రాయి దాటుతుంటేనే మోగింది. అతను నావైపు తిరిగి రాయి చూపించి నవ్వాడు. రెండో రాయి. మళ్ళీ సరిగ్గా అక్కడే. మూడోది కూడా. రాళ్ళని ఎవరో అతనికోసమే పాతినట్టు నవ్వుతున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది ఆ గడియారం దూరం కొలుస్తోందని.

నాలుగో రాయి దగ్గర మోగింది. ఐదోది నాకు దూరంనించే కనబడుతోంది. పాత రాయి పోయి ఇప్పుడు పసుపు రంగు పలక వచ్చింది గానీ చోటు అదే. సైకిలు ఆపి గొలుసు ఊడిందని చూపిద్దామా అనుకున్నాను. అడ్డంగా వెళ్ళి నీళ్ళు ఇద్దామా అనుకున్నాను. ఏమీ చెయ్యలేదు.

ఐదో రాయి వచ్చింది. గడియారం మోగలేదు. అతను మణికట్టు చూసుకున్నాడు. పరుగు ఆపలేదు. రాయి వెనకబడింది. రెండు కరెంటు స్తంభాలు దాటాక మోగింది.

ఆగాడు. వెనక్కి తిరిగి రాయి చూశాడు. నన్ను చూడలేదు. మెల్లగా రాయి దగ్గరికి నడిచి వచ్చి, గడియారం మళ్ళీ మొదటినించి నొక్కి, వచ్చిన దారినే నాలుగో రాయి వైపు పరిగెత్తాడు. నేను ఐదో రాయి దగ్గరే సైకిలు పట్టుకుని నిలబడ్డాను. అతను అక్కడిదాకా వెళ్ళి, ఒంగి మోకాళ్ళు పట్టుకుని ఊపిరి తీసుకుని, నడిచి తిరిగి వచ్చాడు. వచ్చేసరికి చాలాసేపు పట్టింది. నేను రాయిలాగే ఉన్నాను.

మణికట్టు నా ముందు పెట్టాడు. అంకెలు నాకు వచ్చు. సున్నా, చుక్క, ఎనిమిది, ఆరు.

నేను పట్టాల వైపు చూశాను. అతను నా మొహమే చూస్తున్నాడు. నేను ఆశ్చర్యపడాలి కదా. తెలియనివాడైతే ఆశ్చర్యపడతాడు. ఆ సంగతి నాకు తట్టేసరికి ఆలస్యమైపోయింది. అతనికి తెలిసిపోయింది.

నా భుజం మీద చెయ్యి వేశాడు. రెండుసార్లు తట్టాడు. గడియారం ఏదో నొక్కి ఆ అంకెలు తుడిచేశాడు. నాకు చూపించి మరీ తుడిచాడు. తర్వాత బిల్హా వైపు పరుగెత్తాడు.

కొట్టినా బాగుండేది.

బిల్హాలో తేజస్వి టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. అతనేదో చెప్పాడు. నేను తల వంచుకుని సైకిలు స్టాండు వేశాను.

"ఇంత మంచి రన్ ఈ మధ్య చెయ్యలేదంట తాతగారూ," అంది. "మీకు థాంక్స్ చెప్పమంటున్నారు."

సాయంత్రం బోర్డు ముసుగు తీశారు. కెస్లర్ తాడు లాగాడు. నల్ల బోర్డు మీద బంగారు రంగు అక్షరాలు. నా పేరు పాత బోర్డు మీద కంటే పెద్దది. మూర్తి గారు మైకు పట్టుకుని, "కెస్లర్ గారు పొద్దున్న మన పాత మారథాన్ బాట మీద పరిగెత్తారు. ఆ బాట ఎలా ఉందో ఆయన నోట విందాం," అన్నారు.

కెస్లర్ మైకు అందుకుని కొత్త బోర్డు వైపు చూశాడు. తర్వాత మాట్లాడాడు. తేజస్వి చెప్పింది.

"ఆ బాట సంగతి నన్ను అడక్కండి, నూకరాజు గారిని అడగండి అంటున్నారు. దాని సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదంట."

అందరూ నావైపు తిరిగారు. మైకు నా దగ్గరికి తెచ్చారు. దాన్ని పట్టుకున్నాను. మొదటి వరసలో అసిరమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన పైడిరాజు, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"మంచి బాట," అన్నాను. మైకు ఇచ్చేశాను.

హాలంతా నవ్వింది. పైడిరాజు లేచి, "మా బావ సంవత్సరానికి సరిపడా మాటాడీనాడండీ, ఇంక ఇబ్బంది పెట్టకండి," అన్నాడు. మళ్ళీ నవ్వారు. కెస్లర్ నవ్వలేదు. దండ వేశారు. ఫొటో తీశారు. ఫొటోలో అతని చెయ్యి నా భుజం మీద ఉంది, పొద్దున్న పెట్టిన చోటే.

పోయేముందు అసిరమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళి వేలితో నా పేరు తడిమింది. "రంగు ఆరిందో నేదోనని," అంది, నన్ను చూసి.

ఆటోలో ఆమె మాట్లాడుతూనే ఉంది. దొర ఎంత మర్యాదస్తుడో, రేపు పొద్దున్న ఏడు దాటాక రాయపూర్ బండికి పోతాడట, దారికి పులిహోర చేసి ఇద్దామా అంది. నేను వినలేదు. నా లోపల ఒకటే మాట తిరుగుతోంది. నలభై రెండేళ్ళు నేను దాచుకున్నదాన్ని ఇప్పుడు అతను దాస్తున్నాడు. దొంగతనమైనా నిన్నటిదాకా అది నాది. ఇవాళ్టినించి ఆ బోర్డు మీద పేరు అతను పెట్టిన భిక్ష. అతను వాళ్ళ దేశం వెళ్ళిపోతాడు. అక్కడ ఏ కుర్చీల ముందో నిలబడి, ఇండియాలో ఒక ముసలాయన ఉన్నాడు, నేను అతని మాట బయటపెట్టలేదు అని చెబుతాడు. చెప్పడేమో. చెప్పకపోతే ఇంకా గొప్పవాడు. నిజం చెప్పిన గొప్ప అతనిదే, నా అబద్ధం దాచిన గొప్ప కూడా అతనిదే. నాకేం మిగిల్చాడు?

ఏడు దాటాక పోయే రాయపూర్ బండి. అంతకు ముందు లోకలు ఒకటుంది.

పొద్దున్న అయిదింటికే లేచాను. అసిరమ్మ బియ్యం కడుగుతోంది. చెప్పకుండా బయటపడ్డాను. రపటా మీద నడిచి సర్కండా వెళ్ళి పైడిరాజు ఇంటి తలుపు కొట్టాను. కండువా తలకి చుట్టుకుని వచ్చాడు.

"ఏటి బావా, సెల్లికి బాగోలేదేటి?"

"బాగుంది. రా."

"ఎక్కడికి?"

"దాధాపారా."

"ఈ సలిలోనా? నా మోకాలు సంగతి నీకు తెల్దేటి? అక్కడేటున్నాది?"

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కాసేపు నన్ను చూసి, లోపలికి పోయి చెప్పులు వేసుకుని వచ్చాడు. "బండి టిక్కెట్టు తీస్తావు, టీ తాగిస్తావు. అప్పుడే వస్తాను," అన్నాడు. తీశాను. తాగించాను. లోకలు దిగి లైను పక్క బాట మీద నడిచాం. దారి పొడుగునా అతనే మాట్లాడాడు. బోర్డు మీద రంగు గురించి, పెట్టిన సమోసా గురించి, దొర పిక్కల గురించి. నాలుగో రాయి దగ్గర ఆగాను.

"స్లీపర్లు లెక్కెట్టు బావా. ఆ ముందు రాయిదాకా."

"నాకు మతిపోయిందా, నీకు పోయిందా?"

"లెక్కెట్టు."

నా మొహంలో ఏం చూశాడో మరి, మొదలెట్టాడు. ఒకటి, రెండు అని పైకే. వంద అయినప్పుడల్లా ఒక కంకర రాయి తీసి జేబులో వేసుకున్నాడు. నేను పక్కన నడిచాను. తొమ్మిది రాళ్ళు అయ్యాక వెనకనించి కూత వినబడింది. ఇద్దరం బాట మీద ఇంకా పక్కకి జరిగాం. రాయపూర్ బండి. డ్యూటీలో ఉన్నప్పటిలాగ నిటారుగా నిలబడి చెయ్యెత్తి పట్టుకున్నాను. ఏ పెట్టెలో ఉన్నాడో నాకు కనబడలేదు. పైడిరాజు అన్ని కిటికీలకీ చెయ్యి ఊపాడు.

"దొర ఈ బండిలోనే కదేటి," అన్నాడు. "ఎంతవరకు వొచ్చినాను?"

"తొమ్మిది వందల పన్నెండు."

"నువ్వూ లెక్కెడుతున్నావా? అయితే నన్నెందుకు తెచ్చినావు?"

"నువ్వే లెక్కెట్టాలి."

ఇంక మాట్లాడలేదు. అంకెలు తప్ప. ఐదో రాయి దగ్గరికి వచ్చి ఆగాడు. "పధ్నాలుగు వందల ఇరవై ఎనిమిది," అన్నాడు.

"ఇప్పుడు కిలోమీటరుకి పదహారు వందల అరవై ఉండాలి," అన్నాను.

అతను రాయి చూశాడు, వెనక నాలుగో రాయి వైపు చూశాడు. అతను షెడ్డు మనిషి. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నా పరుగు ఈ బాట మీదే," అన్నాను. "పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. నాకు అప్పుడే తెలుసు. కమిటీ గదిలో చెప్పలేదు. నీ పేరు నువ్వే నిచ్చెన పట్టి తుడిపించుకున్నావు."

అంత పొడుగు మాట అతని ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. పైడిరాజు పలక మీద చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. హాస్యం ఆడతాడేమో అనుకున్నాను. ఆడలేదు. జేబులోంచి కంకర రాళ్ళు ఒక్కొక్కటే తీసి కట్ట మీద పెట్టాడు. పధ్నాలుగు.

"ఇన్నాళ్ళకి ఎందుకు సెప్పినావు?" అన్నాడు.

"ఆ దొరకి నిన్న తెలిసిపోయింది. తెలిసీ చెప్పకుండా ఊరుకున్నాడు బావా. అందుకు."

అతను నా కళ్ళలోకి చూశాడు. నవ్వాడని చెప్పలేను. పెదవి కొంచెం కదిలింది.

"నామీద ఏడ్చి దాసినావు, ఆడిమీద ఏడ్చి సెప్పినావు," అన్నాడు. "బోర్డు సంగతి మూర్తి గారికి నువ్వే సెప్పు. మా సెల్లికి కూడా నువ్వే సెప్పు. నాను సెప్పను."

సరే అన్నాను.

అతను తిరిగి నడక మొదలెట్టాడు. చెయ్యి ఊపుకుంటూ, చప్పుడు లేని అడుగుతో. మోకాలు నొప్పి అన్న మనిషి నాకంటే ముందు పోతున్నాడు. నాకు ఊపిరి ఉంది. కాళ్ళు దాటమంటూనే ఉన్నాయి. దాధాపారా స్టేషనుదాకా అతని వెనకే నడిచాను.